అండమాను దీవులు

బడిపిల్లల భూపటములో అండమాను నికోబారు దీవులు మూలనున్న చిన్న చదరములో నాలుగు చుక్కలవలె కనబడును. ఆ చుక్కలు ఉత్తరమునుండి దక్షిణమునకు 700 కిలోమీటర్లకు పైగా వ్యాపించియున్నవని ఆ పటము చూచినవారికి తోచదు. మయన్మారు దేశపు అరకాన్ పర్వతపంక్తియే సముద్రములో మునిగి, శిఖరములను మాత్రము నీటిపైకి చాపియున్నది. ప్రభుత్వపు లెక్కలో దీవులు, రాతితిప్పలు కలిసి 836. 2011 జనాభా లెక్కలనాటికి అందు మనుష్యులు కాపురమున్నవి 31 మాత్రమే. దక్షిణపు కొనకు మన తీరముకంటె సుమత్రాయే దగ్గర. 2004 డిసెంబరు 26వ తేదీ భూకంపములో ఆ కొన నాలుగు మీటర్లకు పైగా క్రుంగినది.

చెన్నపట్టణమునుండి విమానమున రెండు గంటలకు పైగా పట్టును. ఓడలో రమారమి మూడు దినములు. మేము గడచిన పుష్యమాసమున ఓడలో వెళ్లితిమి. రెండవనాడు అలలు లేవగా మా అత్తగారు తల యెత్తలేకపోయిరి. ఉప్పుటుసిరిక చప్పరించిన పిదప కొంత కుదుటపడిరి. వృద్ధులతో పోవువారికి విమానమే మేలు.

పోర్టుబ్లేరునకు 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చిరి. అచ్చట గడియారము మనదే కాని, సూర్యుడు విశాఖపట్టణముకంటె రమారమి 40 నిమిషములు ముందుగా లేచును. చలికాలమున సాయంకాలము 5 గంటలు దాటగానే దీపములు పెట్టవలెను. 1906లో పూర్తియైన సెల్యులర్ జైలును తప్పక చూడవలెను. మన్యపు పోరాటమున అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాం మల్లుదొర ఈ దీవులలోనే ద్వీపాంతరశిక్ష ననుభవించి, 1952లో లోకసభకు ఎన్నికయ్యెను.

గృహిణులమగుటచే మా దృష్టి కోటగోడలకంటె నీళ్లబిందెలమీదికి ఎక్కువగా పోయినది. ఏటికి 3,000 మిల్లీమీటర్ల వాన కురియు చోట నీటికి కరవేమని సోదరీమణులు అడుగవచ్చును. దీవులు సన్ననివి, కొండలు నిటారైనవి. పడిన వాన నిలువక సముద్రమున కలియును. వైశాఖ జ్యేష్ఠములలో మొదలగు వానలు మార్గశిరము వరకు ఉండును. అవి వెడలిన పిదప చెరువులలో నిలిచినదే దిక్కు. యాత్రికులు వచ్చునది సరిగా ఈ పొడి మాసములలోనే.

అంగడిలో చేపల గంపయొద్ద తెలుగు మాట వినబడెను. 2011 లెక్కలలో అచ్చటివారిలో నూటికి 13 మంది తెలుగు మాతృభాషగా గలవారు. వారిలో శ్రీకాకుళపు తీరమునుండి వలసపోయినవారు పెక్కుమంది. "ఏ ఊరమ్మా మీది?" అని ఆ పెద్దామె నడిగితిమి. "శికాకులం దగ్గిర, తల్లీ. సైత్రంలో కొళాయి రెండు మూడ్రోజులకోపాలి వస్తాది. బిందె నిండితే పండగే," అనెను. నాడు బసలో మేము స్నానమునకు రెండు చెంబులు తగ్గించితిమి. బియ్యము, పప్పు, ఉల్లిగడ్డ ఎక్కువగా పెద్ద భూమినుండి ఓడమీద రావలసినవే; ఓడ తడసినచో ధర లేచును. అతిథి వాడుకొను ప్రతి బిందెయు, తిను ప్రతి ఉల్లిపాయయు అచ్చటివారి నిలువలోనిదే.

బారటాంగ్ గుహలకు పోవు దారి జారవాలను ఆదివాసుల అడవిగుండా పోవును. బండ్లు నిర్ణీతవేళలలో పోలీసు వెంట గుంపుగా కదలవలెను. మధ్య ఆగరాదు, పటములు తీయరాదు. బసలోని ఒక వదినగారు "వారిని చూడవచ్చును, రండి" అని బలవంతము చేసిరి. మన వాకిటిముందు దినమున కిన్ని బండ్లు మనలను చూచుటకే పోయినచో మన కెట్లుండునో! మేము వెళ్లలేదు. అందులకు బదులు పడవలో స్వరాజ్ ద్వీపమునకు పోయి, రెండు గంటలకు పైగా ఆ నీలిపచ్చని నీటిని చూచుచు కూర్చుంటిమి.

అండమానులకు పోవుటకు భారతీయులకు ప్రత్యేకానుమతి అక్కరలేదు. నికోబారులలోని ఆదివాసుల ప్రాంతములకు ప్రత్యేకానుమతి లేనిదే పోనీయరు. గాలి హెచ్చినచో పడవలు ఆగిపోవును గనుక, తిరుగు విమానమునకు ముందటి దినము ముఖ్యపట్టణములోనే ఉండవలెను. మా అమ్మాయి ఒడినిండ గవ్వలు, పగడపు ముక్కలు ఏరుకొనినది. వానిని తీసికొనిపోవుట నేరము, విమానాశ్రయమున పెట్టెలు వెదకుదురు. సాయంకాలము మరల ఇసుకమీదికి పోయి, ఒక్కొక్కటియే అలలో వదలి వచ్చినది.