మడత పడిన నోటు

పోయిన ఆదివారం బెర్లిన్ పాతసామాన్ల సంతలో ఒక్క మాటకు మనసు చివుక్కుమంది. బల్ల మీద ఒకే రకం పది మార్కుల నోట్లు రెండున్నాయి. పెళపెళలాడేది ముప్ఫై యూరోలు, నాలుగు మడతలు పడ్డది మూడు. ఇంత తేడా ఎందుకని అడిగితే, ‘అది వాడేసిన నోటు’ అన్నాడాయన.

నోటు ఉన్నదే వాడటానికి కదా!

1944 సిరీస్ సైనిక మార్కులవి. జర్మనీలో అడుగుపెట్టే మిత్రసేనల కోసం అచ్చేశారు. రాజు బొమ్మ లేదు, కోట బొమ్మ లేదు. లతలు, అంకెలు, అక్షరాలు. అమెరికా అచ్చు పలకల నకళ్లు సోవియట్లకూ ఇస్తే, వాళ్లు లెక్క లేకుండా అచ్చేశారు. సిగరెట్‌కున్న విలువ నోటుకు లేకుండా పోయింది. 1948 జూన్‌లో పశ్చిమ భాగాన కొత్త మార్కు వచ్చేదాకా జనం పాత రైఖ్స్‌మార్కులతో పాటు వీటితోనూ నెట్టుకొచ్చారు.

అమ్మే ఆయన విద్యను తక్కువ చేయను. భూతద్దం ఇచ్చి ఓపిగ్గా చూపించాడు: లతల్లో చిన్న ‘ఎఫ్’ దాగుంటే బోస్టన్‌లోని ఫోర్బ్స్ వాళ్ల అచ్చు, నంబరు ముందు అడ్డగీత ఉంటే సోవియట్‌ది. ప్రతి నోటుకూ విడి తొడుగు. ఆ శ్రద్ధకు దండం పెట్టాలి. కానీ ‘ఎఫ్’ని పట్టిన కళ్లకు మడత మచ్చలా ఎలా కనిపించింది? ఎవరో గుప్పిట్లో పట్టుకుని బంగాళదుంపల కోసం వరసలో నిలబడితే పడిన మడతేమో అది!

మనవాళ్లకు దాచుకోవడం రాదని ఇక్కడి మిత్రులంటే ఊరుకోలేను. శ్రీకాకుళం దగ్గర మా ఊళ్లో ‘రంగం తాత’ ఉండేవాడు, రంగమంటే రంగూన్. యుద్ధమంతా బర్మాలోనే ఉండి, తర్వాత తిరిగొచ్చాడు. ట్రంకుపెట్టె అడుగున పాత పంచె, దాని కొంగున, బర్మాను ఆక్రమించినప్పుడు జపాన్ సర్కారు అచ్చేసిన రూపాయి నోట్లు. నంబరు లేదు, ‘బి’తో మొదలయ్యే అక్షరాలే. 1945లో ఇంగ్లీషువాళ్లు మళ్లీ వచ్చి అవి చెల్లవనేశారు. మొలలో దోపుకుని తిరిగిన నోట్లు. నాలుగు మడతలూ చెమటకు నల్లబడ్డాయి. మేం విప్పబోతే ‘మడత చెడగొట్టకండర్రా’ అనేవాడు. తాత పోయాక ఆ మూట ఏమైందో ఎవరూ చూడలేదు.

మూడు యూరోల నోటే కొనుక్కున్నాను. మీ ఇంట్లో రంగం నుంచి వచ్చిన పెట్టె ఏదైనా ఉంటే ఒకసారి అడుగుదాకా వెతకండి. నోట్లు దొరికితే ఇస్త్రీ మాత్రం చేయకండి.