ఏడు రోజుల లెక్క

కేరళలోని కుట్టనాడులో బాతుపిల్లలకు తల్లి కోడిపెట్టే

అలప్పుళ జెట్టీలో హౌస్‌బోట్ల వాళ్లు పిలుస్తున్నా కాదని కైనకరి వెళ్లే సర్కారు పడవెక్కాం. కుట్టనాడును చూడాలంటే అదే మంచి దారి. ఇక్కడ కాలువ పైన, పొలం కింద. సముద్రమట్టానికి దిగువన వరి పండించే ఈ ప్రాంతాన్ని 2013లో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. కోతలయ్యాక ఆ మళ్లలోకి బాతులు దిగుతాయి. చార, చెంబల్లి ఇక్కడి నాటు రకాలు. క్రిస్మస్, ఈస్టర్‌లకు వీటికి మంచి గిరాకీ.

అయితే ఈ బాతులు గుడ్లు పెడతాయే తప్ప పొదగడం మీద ధ్యాస ఉండదు. ఆ పని కోడిపెట్టది.

గట్టు మీది ఇంట్లో అరవై దాటిన చేచ్చి వంటింటి మూలనున్న గంప చూపించింది. చేచ్చి అంటే అక్క. హైదరాబాద్ బేకరీలో కొన్నేళ్లు పనిచేసి వచ్చిన ఆమె కొడుకే మాకు దుబాసీ. గంపలో ఊక, ఎండుగడ్డి, ఈకలు ఉబ్బించుకుని గుర్రుమంటున్న ఎర్ర పెట్ట. దాని కింద ఆరు బాతుగుడ్లు, నాలుగు కోడిగుడ్లు. అంతకు మించితే అంచున ఉన్నవి చల్లబడతాయట.

అసలు కిటుకు లెక్కలో ఉంది. కోడిగుడ్డుకు 21 రోజులు, బాతుగుడ్డుకు 28. రెండూ ఒకేసారి పెడితే, కోడిపిల్లలు కిచకిచలాడగానే పెట్ట వాటి వెంట గంప దిగిపోతుంది. మరో వారం వెచ్చదనం కావాల్సిన బాతుగుడ్లు చల్లారిపోతాయి. అందుకే చేచ్చి ముందు బాతుగుడ్లు పెట్టి క్యాలెండర్‌లో పిల్లలు దిగే తేదీకి సున్నా చుడుతుంది. ఏడు రోజులు నిండాక చీకట్లో టార్చిలైటుకు ఒక్కో గుడ్డూ ఆనించి చూస్తుంది. ఎర్రటి నరాలు కనిపిస్తే పిల్ల ఉన్నట్టు. తేటగా ఉన్నవి తీసేసి, ఆ జాగాలో కోడిగుడ్లు పెడుతుంది. బాతుగుడ్లకు తేమ ఎక్కువ కావాలి కనుక చివర్లో వాటిపై గోరువెచ్చని నీళ్లు చిలకరిస్తుంది.

కోడిగుడ్లు కలపడమెందుకు?

"నెల రోజులు కూర్చునే పెట్టకు తన పిల్లలూ ఉండాలి కదా!"

పెద్ద మందల వాళ్లు హాచరీ పిల్లలను కొంటారు. ఈమెది పాతిక బాతుల సంసారం. 2014లో బర్డ్‌ఫ్లూ వచ్చినప్పుడు వాటన్నిటినీ చంపి కాల్చేశారు. 2018 ఆగస్టు వరదలో పెట్టను చంకన పెట్టుకుని సహాయ శిబిరానికి పడవెక్కింది. గుడ్లు గంపతో సహా నీళ్లపాలయ్యాయి. 2024లో ఎడత్వా, చెరుతన వైపు మళ్లీ బర్డ్‌ఫ్లూ. కిలోమీటరు పరిధిలోని పక్షులన్నిటినీ చంపారు. ఆసారి ఈ ఇల్లు ఆ గీతకు అవతల ఉంది.

బాతులను, కోళ్లను కలపొద్దన్నది పశువైద్యుల సలహా. నీటిపక్షుల నుంచి వైరస్ కోళ్లకు అంటుకోవచ్చు. ఆ సంగతి చేచ్చికి తెలుసు. కానీ పోయిన ప్రతిసారీ ఆమె మళ్లీ మొదలెట్టింది ఒక పొదుగుపెట్టతోనే. బాతుగుడ్లు పక్కింటి నుంచి బదులు.

మేం బయల్దేరేసరికి సున్నా చుట్టిన తేదీకి ఇంకా నాలుగు రోజులుంది. పిల్లలను రెండు మూడు వారాలు కాలువకు పోనివ్వదట.

ఆ తర్వాత?

"అవి నీళ్లలోకి దూకుతాయి. పెట్ట ఒడ్డున నిలబడి రెండ్రోజులు అరుస్తుంది. తర్వాత దానికీ అలవాటైపోతుంది."