అత్తం ఎంత? గెలలెన్ని?

రావులపాలెం అరటి మార్కెట్‌లో పొద్దున్నే అడుగుపెడితే చెవినపడే మొదటి మాట... ‘ఎన్ని?’. సైకిళ్లమీదా, వ్యాన్లలోనూ దిగుతున్న కర్పూర, చక్కెరకేళీ, అమృతపాణి అన్నీ అక్కడ గెలల లెక్కే. అదే గెల ఊళ్లోని పళ్లబండి మీదికి చేరేసరికి అత్తాలుగా విడిపోతుంది. కొనేవాళ్లు అడిగేది ‘అత్తం ఎంత?’ అని. ఇంటికొచ్చాక పిల్లలు అడిగేది మాత్రం ‘నాకెన్ని?’ అనే!

అత్తమంటే మరేమీ కాదు, హస్తమే. చేతివేళ్లలా పళ్లన్నీ ఒక్కచోట అతుక్కుని ఉంటాయి కదా, అందుకని. ఇక్కడికి వేలమైళ్ల దూరంలోని కొరియాలోనూ చేప లెక్కకు చెయ్యే ఆధారం. అక్కడ ‘సోన్’ అంటే చెయ్యి. కానాగంత చేపల్ని ‘ఒక సోన్’ అని అడిగితే రెండు చేపలు చేతికిస్తారు, ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ. వెల్లుల్లి అయితే ‘చొప్’, అంటే వంద గడ్డలు.

కొరియా సీరియళ్లు చూసి ఆ భాష నేర్చుకుంటున్న మన కుర్రకారుకు మొదట్లో చుక్కలు చూపించేది ఈ లెక్కే. వస్తువులకు ‘కె’, మనుషులకు ‘మ్యొంగ్’, జంతువులకు ‘మరి’... దేని మాట దానిదే. పైగా అంకె కూడా రూపం మార్చుకుంటుంది. ‘తుల్’ అంటే రెండు. కానీ రెండు యాపిల్స్ కావాలంటే ‘సగ్వా తు గె చుసెయో’ అనాలి. ‘ఎన్ని’ అనడానికి ‘మ్యొత్’, ‘ధర ఎంత’ అనడానికి ‘ఒల్మా’. ఈ రెండూ కలిపేస్తే దుకాణంవాడు తెల్లముఖం వేస్తాడు.

నిజానికి మనవాళ్లు బెదరాల్సిన పనేం లేదు. మూడు మేకలు అంటాం కానీ మూడు మనుషులు అంటామా? ముగ్గురు అనాల్సిందే. మేకలెన్ని అని అడిగిన నోటితోనే పెళ్లికి ఎంతమంది వస్తారని అడుగుతాం. తెలుగు నేర్చుకునే పరాయివాళ్లకు ఇదీ ఓ గండమే.

అసలు తికమక గోదారి జిల్లాల్లోనే ఉంది. పూలచెండు మూరల్లో, మామిడిపళ్లు డజన్లలో, ధాన్యం బస్తాల్లో. ఎకరానికి ఎన్ని బస్తాలని అడిగితే బస్తా అంటే 75 కిలోలని వేరే చెప్పక్కర్లేదు. పాతతరం వాళ్లకు ‘పుంజీ’ అంటే నాలుగు. గిద్దెలు నాలుగైతే సోల, సోలలు నాలుగైతే మానిక, మానికలు నాలుగైతే కుంచం, కుంచాలు నాలుగైతే తూము, తూములు ఇరవైతే పుట్టి. మెట్రిక్ కొలతల చట్టం 1956లోనే వచ్చినా, కుంచం నేలమీద మిగిలిపోయింది. ఇక్కడ పది సెంట్ల భూమిని ఇప్పటికీ కుంచమనే పిలిచేవాళ్లున్నారు.

ఈ మాటల్లో డబ్బుంది సుమా! అంబాజీపేట కొబ్బరి మార్కెట్‌లో ధర చెప్పేది వెయ్యి కాయలకు. కాయ చిన్నదైతే వెయ్యిలో అంతే బేరం రాదు. కాబట్టి రైతు కళ్లన్నీ లెక్కపెట్టేవాడి చేతులమీదే. పులసకైతే లెక్కే వేరు. వరద నీటికి ఎదురీదుకొచ్చే ఆ చేప కోసం గోదారి ఒడ్డున చేరేవాళ్లు ‘ఎన్ని’ అని అడగరు. ఒక్కటి దొరికితే చాలు! ‘ఎంత’ అని అడిగి, జవాబు విని, గుటక మింగుతారు.

లెక్కకూ భయాలున్నాయి. ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచానికి ‘ఒకటి’ అనరు, ‘లాభం’ అంటారు. ఏడు దగ్గరికొచ్చేసరికి ఏడుపు మాట నోట రాకూడదని కొందరు ‘ఆరున్నొకటి’ అనేవారు. కొరియావాళ్లకు నాలుగంటే గుబులు. ఆ అంకెకూ చావుకూ ఒకటే ఉచ్చారణ మరి. అక్కడ చాలా భవనాల లిఫ్టుల్లో నాలుగుకు బదులు ‘ఎఫ్’ మీట కనిపిస్తుంది.

బేరం ముగిశాక మిగిలేది కొసరు. డజను కాయలు సంచిలో పడ్డాక, ‘ఇంకోటెయ్యవయ్యా’ అని చెయ్యి చాపకుండా ఏ ఇల్లాలూ బండి దగ్గర్నుంచి కదలదు. కొరియాలో దీన్ని ‘తొమ్’ అంటారు. దానికి ‘మ్యొత్’తోనూ, ‘ఒల్మా’తోనూ పనిలేదు.