పద్దులో కనపడని కోత

చదువుకు కోత పడితే అది బడ్జెట్ పద్దులో కనపడదు, పోస్టుల లెక్కలో తేలుతుంది. 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన జీవో 117 సంగతి అదే. కిలోమీటరు లోపు హైస్కూలుంటే 3, 4, 5 తరగతులు అక్కడికి పోయేవి. ఊరి బడిలో మిగిలిన 1, 2 తరగతులకు ఒక్క టీచరు చాలన్నారు. యూటీఎఫ్, ఏపీటీఎఫ్, ఎస్టీయూ లాంటి టీచర్ల సంఘాలు రోడ్డెక్కింది అందుకే. కృష్ణా జిల్లా దివిసీమలో ఆ కిలోమీటరు కథే వేరు. కాలవ అవతల బడి కనపడుతూనే ఉంటుంది, వంతెన దాకా చుట్టు తిరిగి వెళ్లాలి. వానలు పడితే ఎనిమిదేళ్ల పిల్ల జారుడు గట్టు మీద చెప్పులు చేత పట్టుకుని నడవాల్సి వచ్చేది.

హైస్కూల్లో సబ్జెక్టు టీచర్లు దొరుకుతారన్న వాదన కొట్టిపారేసేదేం కాదు. అయితే 60 మంది లోపున్న ప్రాథమిక బడికైనా ఇద్దరు టీచర్లు ఉండాలన్నది విద్యాహక్కు చట్టం. టీచర్ల గోలంతా సొంత పోస్టుల కోసమేనంటారా? కొంత నిజమే. కానీ పోస్టు పోతే పోయేది పిల్లల టీచరే కదా! 2025లో ఆ జీవో రద్దయింది, మంచిదే. గుడివాడ, బందరు ప్రైవేటు బడుల బస్సులు మాత్రం పొద్దున్నే పల్లెల్లోకొచ్చి పిల్లల్ని ఎక్కించుకుపోతూనే ఉన్నాయి. పిల్లలు తగ్గితే ఏ జీవో లేకుండానే పోస్టు ఎగిరిపోతుంది. సంఘాల సభల్లో ఈ ముచ్చట ఎందుకో తక్కువ.