మారుతండ్రి అనే మాట

ఒక రాష్ట్రానికి నిధులు తగ్గితే మన పత్రికలు "సవతి ప్రేమ" అని శీర్షిక పెడతాయి. అన్యాయానికి పేరు కావలసివచ్చినప్పుడల్లా మన భాష తిన్నగా మారుటి యింటికి పోయి అడిగి తెచ్చుకుంటుంది. ధ్రువుణ్ణి తండ్రి తొడ ఎక్కనివ్వనిది సురుచి. సారంగధరుడి మీద నింద వేసింది చిత్రాంగి, కాళ్లూ చేతులూ నరకమన్నది మాత్రం రాజు. ఈ రెండు కథల్లోనూ ఇద్దరేసి భార్యల నేలుకున్న రాజుగారి మీద సామెత ఒక్కటీ పుట్టలేదు!

మన సంస్కరణోద్యమం కూడా ఈ చిక్కును పెద్దగా ఎదుర్కోలేదు. 1881 డిసెంబరు 11న వీరేశలింగంగారు రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు పెళ్లికూతురు బాలవితంతువు. బాలవితంతువు గనక వెంట బిడ్డ లేదు. ఆ తరవాతి చర్చ చాలామటుకు స్త్రీకి మళ్లీ పెళ్లాడే హక్కు వున్నదా లేదా అన్న దగ్గరే నడిచింది. ఆనాటికి అదే పెద్ద యుద్ధం, ఆక్షేపించను. కాని తల్లి చెయ్యి పట్టుకుని కొత్త యింటి గడప దాటే బిడ్డ మన సాహిత్యంలో అంచునే నిలబడిపోయింది.

నేను ఉస్మానియాలో పాఠాలు చెపుతూ తార్నాకలో కాపురం వుంటున్నాను. నా భార్యకు ఇది రెండో పెళ్లి, నాకు మొదటిది. ఆమె మొదటి భర్తతో తెగదెంపులు చేసుకునేనాటికి కూతురికి ఏడేళ్లు. నేను వాళ్ల యింట్లో చేరేనాటికి తొమ్మిది. (వాళ్లే నా యింటికి వచ్చారని బంధువులు అంటారు, అద్దె చీటీ ఆమె పేరనే వుంది.) పిల్ల తండ్రి మెట్టుగూడలో వుంటాడు. తార్నాకలో మెట్రో ఎక్కితే తరవాతి స్టేషనే మెట్టుగూడ.

ఆ ఒక్క స్టేషను దూరం పిల్లకు ఎంత పొడవో కొన్నాళ్లకు గాని మాకు అర్థం కాలేదు. ఆదివారం సాయంత్రం తిరిగివచ్చి సోమవారం తెల్లారేదాకా నోరు విప్పేది కాదు. అక్కడ కొనిచ్చిన బొమ్మను యిక్కడికి తెచ్చేది కాదు, యిక్కడ కుట్టించిన గౌను అక్కడికి తొడుక్కుపోయేది కాదు. తండ్రి ఏవో నూరిపోస్తున్నాడని తల్లి అనుమానించింది. నాకు మరొకటి తోచింది. ఈ యింట్లో నవ్వితే ఆ యింటికి ద్రోహం, ఆ యింటి దోసె బాగుందంటే యీ యింటికి ద్రోహం. తొమ్మిదేళ్ల పిల్ల తన సంతోషాన్ని గడపగడపకూ లెక్క కట్టుకుంటున్నది. పెద్దలం విడిపోయి ఎవరి దారి వాళ్లు చూసుకున్నాం, పిల్ల రెండు దారుల్లోనూ నడుస్తున్నది.

ఒకనాటి పొద్దున ఆర్ట్స్ కాలేజీ ముందు రోడ్డు మీద దానికి సైకిలు నేర్పుతున్నాను. పడింది, మోకాలు చెక్కుకుపోయింది, "నాన్నా" అని ఏడ్చింది. పరుగెత్తాను. కళ్లు తుడుచుకుంటూ, "మిమ్మల్ని కాదు సార్" అన్నది. ఆ మాటలో పెంకితనం లేదు. నేను పొరపడకూడదని జాగ్రత్త పడింది, అంతే.

సార్ అన్నది క్యాంపస్ యిచ్చిన పిలుపు. విద్యార్థులూ గుమాస్తాలూ టీ బండి అతనూ అందరూ అంటారు, పిల్ల కూడా అంటుంది. మా మిత్రులకు ఇది మింగుడుపడదు. "నాన్న అనిపించవయ్యా, అదే అలవాటవుతుంది" అంటారు. కుటుంబమూ ఆస్తీ ఎట్లా పెనవేసుకుపోయాయో ఎంగెల్స్ 1884లోనే చెప్పాడని క్లాసుల్లో బోధించేవాళ్లే వీళ్లు! పట్టా చేతులు మారినట్టు పిలుపు కూడా మారాలంటారు. దానికి నాన్న వున్నాడు. లేడనిపించటం నా పని కాదు.

ఇక చట్టం. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షణ చట్టం ఆరో సెక్షనులో సహజ సంరక్షకుడు తండ్రి, అతని తరవాత తల్లి. తల్లీ తండ్రీ అనే మాటల్లో మారుతల్లి, మారుతండ్రి చేరరని ఆ సెక్షను చివరనే వివరణ. 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు, "తరవాత" అంటే తండ్రి చచ్చిపోయాక అని మాత్రమే కాదని అర్థం చెప్పి తల్లికి కొంత చోటు యిచ్చింది. 2022 జూలై 28 తీర్పు మన ప్రాంతపు వ్యాజ్యంలోనే వచ్చింది. భర్త పోయి మళ్లీ పెళ్లాడిన తల్లి, బిడ్డకు కొత్త భర్త యింటిపేరు పెట్టుకున్నది. నాయనమ్మా తాతా కోర్టుకెక్కారు. పాత యింటిపేరే వుంచాలనీ, కొత్త భర్తను రికార్డుల్లో మారుతండ్రి అని రాయాలనీ 2014లో హైకోర్టు ఆదేశించింది. అది క్రూరమైన, ఆలోచన లేని ఆదేశమని సుప్రీంకోర్టు కొట్టివేసింది. మంచి తీర్పే. అయితే అక్కడ తండ్రి లేడు. తండ్రి ఒక స్టేషను అవతల బతికి వున్నచోట బిడ్డను కూడా అడగాలి గదా? తెలివిగా ఎంచుకోగల వయసు వస్తే బిడ్డ యిష్టాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చునని 1890 నాటి సంరక్షకుల చట్టం, తెల్లవాడి చట్టం, అంటున్నది. మన దరఖాస్తు ఫారాల్లో ఆపాటి మర్యాద కూడా లేదు.

క్యాంపస్ పక్కనే మాణికేశ్వర్ నగర్, జనం వడ్డెర బస్తీ అంటారు. అక్కణ్ణుంచి వచ్చిన నా విద్యార్థి ఒకడు తల్లి మారుమనువుతో పాటు వెంట వచ్చినవాడు. తల్లి భర్తను "చిన్నాయిన" అంటాడు. శ్రమజీవుల దగ్గర మాట తయారుగా వున్నదే అని నేను మురిసిపోతుంటే, "పిలుపుకు తక్కువ లేదు సార్, ఇల్లు పంచేటప్పుడే నా పేరు రాలేదు" అన్నాడు. వీలునామా రాయకపోతే చట్టం కూడా అతనికి మారుతండ్రి ఆస్తిలో వాటా యివ్వదు.

మా పిల్ల యిప్పుడు పదో తరగతి దాటింది. కాలేజీ ఫారంలో తండ్రి గడిలో తండ్రి పేరు రాసింది. అవసరానికి పిలవవలసినవారు అన్నచోట నా పేరు రాసి, సంబంధం గడిలో "సార్" అని రాసింది. గుమాస్తా కొట్టేసి సరిగ్గా రాయమన్నాడు. "అమ్మ భర్త" అని రాసింది. అదీ కొట్టేశాడు. ఆ గడి ఖాళీగానే వుంది, ఎదురుగా ఫోను నంబరు మాత్రం నాది.