పలాస పప్పు వద్దంటే

ఉద్దానంలో కడుపు బాగోలేనివాడికి అసలు చిక్కు చుట్టాలతోనే. ఇంటికొచ్చినవాడికి జీడిపప్పు వేయించి పెట్టాలి, పనసపండు కోయాలి, బొండం కొట్టివ్వాలి. అదీ మర్యాద. "నాకు పడదండీ" అంటే వాళ్ళ తోటనే తప్పుపట్టినట్టు. 2018లో తిత్లీ తుఫాను కూల్చేశాక మళ్ళీ నాటితే కాసిన పప్పని చెప్పి మరీ పళ్ళెంలో పోస్తారు. "రెండు పలుకులు తింతే ఏటౌద్ది బాబూ?"

ఏటౌద్దో నలుగురిలో చెప్పుకునేది కాదు. జీడిపప్పులో ఉండే కొన్ని పిండిపదార్థాలు చిన్నపేగులో అరగవు. పెద్దపేగులోకి వెళ్తే అక్కడి సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి గ్యాస్ పుట్టిస్తాయి. ఇది అందరి కడుపులోనూ జరిగేదే, చాలామందికి తెలియను కూడా తెలియదు. ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) ఉన్నవాడి పేగు మాత్రం ఆ కాస్త ఉబ్బరానికే గగ్గోలు పెడుతుంది. స్కానింగులో ఏమీ కనబడదు. దాంతో ఇంట్లోవాళ్ళు మనల్ని అదోలా చూస్తారు. మూడు నెలలుగా వారానికో రోజైనా నొప్పి, దాంతోపాటు విరేచనం తీరు మారడం డాక్టర్లు చూసే గుర్తులు. రక్తం పడినా, బరువు తగ్గినా, అర్ధరాత్రి లేచి పరిగెత్తాల్సి వచ్చినా అది వేరే లెక్క, వెంటనే చూపించుకోవాల్సిందే.

ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఈ అరగని సరుకుకి ఫాడ్‌మ్యాప్ అని పేరుపెట్టి జాబితాలు తయారుచేశారు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పులు, పాలు, మామిడిపండు, కాలీఫ్లవర్... చదువుతూ పోతే మన వంటింట్లో మిగిలేది నౌపడ ఉప్పొక్కటే అనిపిస్తుంది. అంత కంగారు అక్కర్లేదు. వరన్నం ఉంది, గుడ్డుంది, భావనపాడు ఒడ్డున దిగే చేప ఉంది. చేపలో ఈ గొడవే లేదు, గొడవంతా పులుసులో ఉంది.

దానికి మా అత్త ఓ ఉపాయం పట్టింది. వెల్లుల్లిలోని ఆ పదార్థం నీళ్ళలో కరుగుతుంది గానీ నూనెలో కరగదు. కాబట్టి ముందు నూనెలో రెబ్బలు నిండుగానే వేస్తుంది, ఎర్రబడ్డాక చిల్లుల గరిటెతో ఒక్కటీ మిగలకుండా తీసేస్తుంది. వాటిని మావయ్య ఉప్పద్దుకుని తినేస్తాడు. వాసన పట్టిన ఆ నూనెలో మెంతులు, ఇంగువ, కారం, తర్వాత చింతపండు రసం, చివర కవ్వళ్ళు చేపలు. ఉల్లిపాయ లేని లోటు ఇంగువ తీరుస్తుంది. లేదని చెబితే తప్ప ఎవరికీ తెలియదు.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. ఈ ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎక్కువ కాబట్టి ఒంట్లో ఏ నలత వచ్చినా మనసు ముందు కిడ్నీ మీదికే పోతుంది. కడుపునొప్పి అన్నా సరే "క్రియాటినిన్ చూపించుకున్నావా?" అంటారు. అనడంలో తప్పులేదు. పలాసలో 2023లో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి తెరిచారు, ఇక్కడి కిడ్నీ జబ్బుకి మూలం మాత్రం ఇంకా తేలలేదు. పొటాషియం పెరిగిన కిడ్నీ రోగికి కొబ్బరినీళ్ళు, అరటిపండు వద్దంటారు. నాలాంటివాడికి దోర అరటి పరవాలేదు, మచ్చలు పడేలా మిగలపండితేనే ఇబ్బంది. నీళ్ళు ఎక్కువ తాగమని నాకు చెబుతారు, కొలిచి తాగమని ఆయనకి చెబుతారు. ఒకే ఇంట్లో ఇద్దరు రోగులుంటే ఒకరి పథ్యం ఇంకొకరికి నేర్పకూడదు. ఇద్దరికీ కలిసే మాట ఒకటుంది: నొప్పని మందులషాపులో నొప్పిబిళ్ళలు అడిగి మింగడం మానాలి.

మోనాష్ జాబితా జీవితాంతం పట్టుకు వేలాడేది కాదు. రెండు నుంచి ఆరు వారాలు మానేసి, ఆ తర్వాత ఒక్కొక్కటీ తిరిగి తిని చూడాలి. చాలామంది మొదటి సగంతో ఆగిపోయి, పథ్యం పేరుతో చిక్కిపోతారు. నా సంగతి చెప్పాలంటే, కందిపప్పు కొంచెమైతే పడింది, పనసతొనలు ఏమీ చేయలేదు, పాలకంటే మజ్జిగ నయం. జీడిపప్పు పడలేదు. పలాస పక్కన బతుకుతూ ఇదేం ఖర్మో!

టీ విషయం వేరు. అందులో పాలు కొద్దే, కానీ వేడివేడిగా పొట్టలో పడగానే నా పేగు నిద్రలేస్తుంది. అందుకే టెక్కలిలో బస్సు కోసం చూస్తున్నప్పుడు ఎవరు ఇప్పిస్తానన్నా వద్దంటాను. భావనపాడు చేరాక, దొడ్డి పది అడుగుల్లో ఉందని రూఢి చేసుకున్నాక తాగుతాను.