ఆవగింజంత యాంటెన్నా, మా నాయనమ్మ ఆయాసం

మాది వత్సవాయి దగ్గర తండా. మేమిద్దరం అన్నదమ్ముల పిల్లలం, ఒకే హాస్టల్. మా ఇంట్లో కాలేజీ మెట్టెక్కింది మేమే మొదలు.

మా నాయనమ్మకి ఆయాసం. రాత్రి ఒక్కతే పడుకుంటది. కెమెరా పెడతామంటే ఛీ అంది. అప్పుడే చిన్న రాడార్ గురించి చదివాం. ఛాతీ కొద్ది మిల్లీమీటర్లు లేచి దిగినా, దుప్పటి కప్పుకున్నా, అది పసిగడుతుంది. ప్రాజెక్టుగా చేస్తామంటే "మీ వల్ల కాదులే" అన్నారు ఒకరు. ఎవరో వద్దులెండి.

తిరుపతి దగ్గర గాదంకి రాడార్‌ది 53 మెగాహెర్ట్జ్. అల పొడవు ఐదున్నర మీటర్ల పైనే. అందుకే 1024 యాంటెన్నాలు, 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు నేల కావాల్సొచ్చింది. 60 గిగాహెర్ట్జ్‌లో అల 5 మిల్లీమీటర్లే, యాంటెన్నా ఆవగింజంత! కానీ సిలికాన్ మీదే గీస్తే అది పవర్ మింగేస్తుంది. దూరంగా మామూలు బోర్డు మీద పెడితే సిగ్నల్ దారిలోనే కరిగిపోతుంది. అందుకే చిప్‌ని ఆనుకుని ప్యాకేజీ పొరల్లోనే పెడతారు. 2019లో గూగుల్ పిక్సెల్ 4లో ఇలాంటి రాడారే పెట్టింది. ఇక్కడ 60 గిగాహెర్ట్జ్‌కి అనుమతి లేక ఆ ఫోన్ మన దేశానికి రాలేదు. ఆ అలలతో 1890ల్లోనే కలకత్తాలో జగదీశ్ చంద్రబోస్ ప్రయోగాలు చేశారు, చూడండి మరి!

మా యాంటెన్నా ఇప్పటికి సాఫ్ట్‌వేర్‌లోనే పనిచేస్తోంది. 60 గిగాహెర్ట్జ్ కొలిచే మిషన్ మా ల్యాబులో లేదు. ఎంటెక్, పీహెచ్‌డీ చేసే మనోళ్లెవరైనా ఉంటే, మీ దగ్గర ఒక్క పూట కొలవనిస్తారేమో అడిగి చెప్పండి. బస్సు ఛార్జీలు మేమే పెట్టుకుంటాం.